వాడేసిన వంటనూనెతో డీజిల్ ఇంజిన్: ఏ పంపుకి సరిపడుతుంది, దేనికి సరిపడదు

డీజిల్ లీటరు 95 రూపాయలు దాటాక హోటళ్ల వెనక డబ్బాల్లో పడి ఉండే నల్లటి నూనె మీద చాలామంది కన్ను పడింది. ఇంజిన్‌లో పోస్తే నడుస్తుందా అంటే నడుస్తుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒట్టో కంపెనీ పెట్టిన చిన్న డీజిల్ ఇంజిన్‌ని వేరుశనగ నూనెతోనే నడిపారు. అది ఎంత సాఫీగా నడిచిందంటే, లోపల పోసింది నూనె అని చూసినవాళ్లలో కొద్దిమందికే తెలిసిందని రుడాల్ఫ్ డీజిల్ తర్వాత రాశాడు. కాబట్టి అడగాల్సింది నడుస్తుందా అని కాదు. ఎన్ని గంటలు నడుస్తుంది, ముందు ఏ భాగం పాడవుతుంది, పాడైతే ఎంత వదులుతుంది, అవీ అడగాల్సినవి.

వీటికి జవాబు బండి కంపెనీ పేరు చూస్తే దొరకదు. ఎన్ని హార్స్ పవరో చూసినా దొరకదు. ఇంధనాన్ని ఒత్తిడితో నెట్టే ఇంజెక్షన్ పంపు ఏ రకం, దాన్ని ఇంజిన్ లోపల చల్లే నాజిల్ ఏ రకం, నూనె ఎక్కడ మండుతుంది, ఈ మూడూ చూడాలి. ఒకే కంపెనీ పాత బండి నూనెని హాయిగా తట్టుకుంటే, కొత్త బండి మొదటి ట్యాంకుకే మొరాయించవచ్చు.

## ముందు చూడాల్సిన సంగతులు

మొదటిది చిక్కదనం. మన డీజిల్ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే యూనిట్) మధ్య ఉండాలి. అదే వేడి దగ్గర వంటనూనెలు 30 నుంచి 40 దాకా ఉంటాయి. పదేపదే కాగిన నూనె ఇంకాస్త చిక్కన. 80 డిగ్రీలకి వేడిచేస్తే 10–13 దగ్గరికి దిగుతుంది. ఆ వేడి దగ్గర కూడా డీజిల్ అంత పలచన మాత్రం కాదు. అందుకే వేడిచేయకుండా పోసే నూనె గురించి ఈ వ్యాసంలో ఎక్కడా సలహా లేదు. అది ఏ పంపుకీ మంచిది కాదు.

రెండోది, పంపు లోపలి భాగాలకి జారుడు ఎక్కడి నుంచి వస్తోంది అన్నది. కొన్ని పంపుల్లో ప్లంజర్‌ని (ఇంధనాన్ని నెట్టే చిన్న పిస్టన్‌ని) కదిపే క్యామ్ షాఫ్ట్, బేరింగులు ఇంజిన్ ఆయిల్‌లో మునిగి ఉంటాయి. ఇంధనం తాకేది ప్లంజర్ పైభాగాన్ని మాత్రమే. మరికొన్నింటిలో మొత్తం పంపుకి ఇంధనమే లూబ్రికేషన్, ఇంధనమే చల్లదనం. ఈ రెండో రకంలో నూనె చల్లగా, చిక్కగా ఉంటే పంపుకి అందదు. అందినా పంపు లోపల తిరిగే రోటర్‌ని బిగబట్టేస్తుంది. షాఫ్టు విరిగిందని, రోటర్ పట్టేసిందని రిపేరుకి వచ్చే పంపుల్లో ఇదే జరుగుతుంది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే. చాలామంది చూడనిది కూడా ఇదే.

మూడోది దహనం జరిగే చోటు. ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్‌లో ఇంధనం ముందు ఒక చిన్న వేడి గదిలోకి వెళ్లి, అక్కడ అంటుకుని, తర్వాత సిలిండర్లోకి వస్తుంది. ఆ గది గోడలు బాగా కాలి ఉంటాయి కాబట్టి చిక్కటి నూనె కూడా మండుతుంది. పైగా ఇందులో వాడే పింటిల్ నాజిల్‌కి ఒకే రంధ్రం, మధ్యలో కదిలే పిన్ను. ఆ పిన్ను కదిలినప్పుడల్లా రంధ్రం దానంతట అదే శుభ్రపడుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో ఇంధనం నేరుగా పిస్టన్ మీదికి పడుతుంది. నాజిల్‌కి మిల్లీమీటర్‌లో నాలుగో వంతు వెడల్పు ఉండే రంధ్రాలు మూడు, నాలుగు, అయిదు ఉంటాయి. వాటిలో ఒకటి సగం మూసుకున్నా చల్లే తీరు చెడుతుంది.

నాలుగోది మీ ఇంజిన్ చేసే పని. నిండు లోడు మీద గంటల తరబడి నడిచే ఇంజిన్‌కి నూనె సరిపడుతుంది. పది నిమిషాలు నడిచి ఆగేదానికి, ఖాళీగా తిరిగేదానికి అస్సలు పనికిరాదు. లోపలి వేడి చాలకపోతే నూనె సగం మండి, మిగతాది రింగుల పక్కనుంచి కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది.

చివరిది రిపేరు ఖర్చు. పాత ఆయిల్ ఇంజిన్ నాజిల్, ఎలిమెంట్ (పంపులోని ప్లంజర్, దాని తొడుగు) మార్చుకోవడం వందల రూపాయల నుంచి వేలల్లో తేలే పని. కొత్త బండ్లలో ఉండే కామన్ రైల్ ఇంజెక్టర్ ఒక్కటే పదివేలు దాటుతుంది, అవి నాలుగు ఉంటాయి. మిగిలే డీజిల్ డబ్బుని ఎప్పుడూ ఈ అంకెతో పోల్చుకోండి.

## మీ పంపు ఏదో గుర్తుపట్టడం

బానెట్ ఎత్తి పంపు నుంచి నాజిళ్లకి వెళ్లే సన్నటి ఇనుప పైపుల్ని చూడండి. పైపులన్నీ ఒక పొడవాటి దిమ్మ పైనుంచి వరసగా లేస్తుంటే అది ఇన్‌లైన్ పంపు. పంపు గుండ్రంగా, పొట్టిగా ఉండి పైపులు వెనక భాగం నుంచి వలయంగా బయటికొస్తుంటే రోటరీ. పైపులన్నీ ఒక లావాటి గొట్టం నుంచి బయల్దేరి, ప్రతి ఇంజెక్టర్ నెత్తి మీద కరెంటు వైర్లు ఉంటే అది కామన్ రైల్, మనం సీఆర్‌డీఐ అనేది. పొలం గట్టున ఉండే సింగిల్ సిలిండర్ ఇంజిన్‌కి ఒకే పైపు, ఒకే ఎలిమెంట్ ఉంటాయి. పని తీరులో అది ఇన్‌లైన్ పంపుకి చిన్న తమ్ముడు.

ట్రాక్టర్ బానెట్ మీద డీఐ అని ఉంటే డైరెక్ట్ ఇంజెక్షన్ అని అర్థం. డీజిల్ పొదుపుకి అది మంచిదే, నూనెకి మాత్రం కాస్త కఠినం.

| పంపు రకం | ఎక్కడ కనిపిస్తుంది | జారుడు ఎక్కడి నుంచి | వేడి నూనెతో | పాడైతే ఖర్చు |
|---|---|---|---|---|
| సింగిల్ ఎలిమెంట్, నెమ్మది ఇంజిన్ | లిస్టర్ తరహా ఆయిల్ ఇంజిన్లు | క్యామ్‌కి ఇంజిన్ ఆయిల్ | అన్నిటికన్నా నయం | తక్కువ |
| ఇన్‌లైన్ | ట్రాక్టర్లు, పాత లారీలు, టాటా 407 తరం బండ్లు | క్యామ్‌కి ఆయిల్ | జాగ్రత్తతో సరే | మధ్యస్థం |
| రోటరీ, ఇన్‌డైరెక్ట్ ఇంజిన్ | క్వాలిస్, మొదటి తరం ఇండికా డీజిల్ | పూర్తిగా ఇంధనమే | పంపుని బట్టి | మధ్యస్థం నుంచి ఎక్కువ |
| యూనిట్ ఇంజెక్టర్ (పంపు, నాజిల్ ఒకే ముక్కగా ఉండేది) | కొన్ని విదేశీ కార్లు | ఇంధనం, ఇంజిన్ ఆయిల్ | వద్దు | చాలా ఎక్కువ |
| కామన్ రైల్ | ఇప్పటి దాదాపు అన్ని డీజిల్ బండ్లు | పూర్తిగా ఇంధనమే | వద్దే వద్దు | చాలా ఎక్కువ |

## నెమ్మదిగా తిరిగే ఆయిల్ ఇంజిన్

నిమిషానికి 650 చుట్లు తిరిగే లిస్టర్ తరహా ఇంజిన్లు, రాజ్‌కోట్‌లో దశాబ్దాలుగా తయారవుతున్నవి, ఈ పనికి పుట్టినట్టే ఉంటాయి. పెద్ద సిలిండర్, బరువైన ఫ్లైవీల్, నెమ్మది వేగం. నూనె మండడానికి డీజిల్ కన్నా ఎక్కువ సమయం కావాలి. ఇంధనం ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే సీటేన్ సంఖ్య వంటనూనెలకి 40 అటూ ఇటూ ఉంటుంది, మన డీజిల్‌కి కనీసం 51 ఉండాలి. వేగం తక్కువైనప్పుడు ఆ ఆలస్యం పెద్దగా బాధించదు.

1500 చుట్ల సింగిల్ సిలిండర్ ఇంజిన్ల కథ కొంచెం వేరు. కిర్లోస్కర్ టీవీ1 అనే 5.2 కిలోవాట్ల ఇంజిన్ మన ఇంజనీరింగ్ కాలేజీల మెకానికల్ ల్యాబుల్లో బాగా కనిపిస్తుంది. ఎన్నో రకాల నూనెలు, బయోడీజిళ్ల మీద పరీక్షలు దాని మీదే జరిగాయి. అది డైరెక్ట్ ఇంజెక్షన్, నాజిల్ సుమారు 200 బార్ ఒత్తిడి దగ్గర తెరుచుకుంటుంది. ఇలాంటి ఇంజిన్ వేడి నూనెతో బాగానే లాగుతుంది, కాకపోతే నాజిల్‌ని తరచుగా విప్పి చూసుకోవాల్సిందే. ల్యాబులో కొద్ది గంటలు నడిపి రాసే ఫలితాలు చూసి మోసపోకండి. మసి పేరుకోవడం, రింగులు పట్టేయడం వందల గంటల తర్వాత బయటపడే జబ్బులు.

నాజిల్ చెడిపోతే ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడాలి. డీజిల్ పంపు షాపులో నాజిల్‌ని టెస్టర్‌కి బిగించి లివర్ నొక్కితే, మంచిదైతే గుర్రుమని మోగుతూ సన్నటి తుంపరగా చల్లుతుంది. లివర్ వదిలాక కొస పొడిగా ఉంటుంది. చిక్కటి నూనెతో నడిచిన నాజిల్ మోగదు, ధారగా కారుస్తుంది, కొసన ఒక బొట్టు వేలాడుతుంది. రంధ్రం చుట్టూ గట్టిపడిన నల్లటి మసి గరాటులా పైకి లేచి ఉంటుంది, గోటితో గీకితే ఊడదు. ఆ స్థితిలో ఇంకా నడిపితే ఆ బొట్టే పిస్టన్ మీద పడి కాలుస్తుంది.

## ఇన్‌లైన్ పంపు ఉన్న ట్రాక్టరు, లారీ

క్యామ్ వైపు ఆయిల్ ఉంటుంది కాబట్టి పంపు పట్టేయడం అరుదు. ఇందులో ఇబ్బంది ఇంకోటి. అరిగిన ఎలిమెంట్ల పక్కనుంచి నూనె కిందికి దిగి ఆ ఆయిల్‌లో కలుస్తుంది. డీజిల్ దిగితే ఆయిల్ పలచబడుతుంది. నూనె దిగితే కొన్నాళ్లకి ఆయిల్ జిగురై, చివరికి ముద్ద కడుతుంది. ఆయిల్ పంపు లాగలేనంత గట్టిపడితే ఇంజిన్ మొత్తం పోతుంది. అందుకే నూనె వాడేవాళ్లు ఇంజిన్ ఆయిల్‌ని కంపెనీ చెప్పిన గంటల్లో సగానికే మార్చాలి. ఇది తప్పించుకోకూడని ఖర్చు, లెక్కలో ముందే వేసుకోండి.

జర్మనీలో 2001–2005 మధ్య వంద పైచిలుకు ట్రాక్టర్లని శుద్ధమైన ఆవ జాతి నూనెతో నడిపి చూశారు. కొన్ని చాలాకాలం బాగా పనిచేశాయి, కొన్నిటికి ఇంజిన్లు దెబ్బతిన్నాయి. అది వాడేసిన నూనె కాదు, పరిశుభ్రమైన నూనె. ఆ తర్వాత అక్కడ నూనె నాణ్యతకి డీఐఎన్ 51605 అనే ప్రత్యేక ప్రమాణమే వచ్చింది. మన బజ్జీల బండి నూనెకి అలాంటి హామీ ఏదీ ఉండదు.

50 హార్స్ పవర్ దాటిన ట్రాక్టర్లకి 2023 జనవరి నుంచి ట్రెమ్-4 అనే పొగ కాలుష్య నిబంధన వచ్చింది. వాటిలో కామన్ రైల్ వచ్చేసింది కాబట్టి, ట్రాక్టర్ అనగానే నూనె పోయొచ్చని అనుకోకండి. కొన్న సంవత్సరం చూసుకోండి.

## రోటరీ పంపు

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఇన్‌డైరెక్ట్ ఇంజిన్ కాబట్టి బాగా మండుతుంది, పంపు మాత్రం పూర్తిగా ఇంధనం మీదే బతుకుతుంది. వీటిలో బాష్ వీఈ తరహా పంపు కొంత తట్టుకుంటుంది. లూకాస్ సీఏవీ డీపీఏ తరహా పంపులకి చల్లటి నూనె అంటే ప్రాణం మీదికే వస్తుంది. రోటర్‌కి, దాని తొడుగుకి మధ్య ఖాళీ అంత సన్నగా ఉంటుంది మరి. డీపీఏ పంపు ఉంటే నేను వద్దనే చెబుతాను. వీఈ పంపు ఉన్న క్వాలిస్ లాంటి బండికి కూడా రెండు ట్యాంకుల ఏర్పాటు (కింద చెప్పాను), హీటర్ లేకుండా ఒక్క లీటరు పోయొద్దు.

## కామన్ రైల్, యూనిట్ ఇంజెక్టర్

యూనిట్ ఇంజెక్టర్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. మన దగ్గర అలాంటి కార్లు తక్కువ, రిపేరు చేసేవాళ్లు ఇంకా తక్కువ.

కామన్ రైల్‌లో ఒత్తిడి 1,350 బార్ దగ్గర మొదలై ఇప్పుడు 2,000 దాటింది. ఇంజెక్టర్ లోపల కదిలే ముక్కల మధ్య ఖాళీ కొద్ది మైక్రాన్లే. ఒక్కో దహనానికి కంప్యూటర్ రెండు మూడు సార్లు కొలిచి చల్లిస్తుంది, ఆ కొలతలన్నీ డీజిల్ చిక్కదనానికే రాసి ఉంటాయి. బీఎస్-6 బండ్లలో ఇంకో చిక్కుంది. పొగ ఫిల్టర్‌ని కాల్చి శుభ్రం చేయడానికి చివర్లో కాస్త అదనపు ఇంధనం చల్లుతారు. డీజిల్ అయితే ఇంజిన్ ఆయిల్‌లోకి దిగిన ఆ కాస్తా తర్వాత ఆవిరై పోతుంది, నూనె పోదు. నూనెలోని భాస్వరం, ఉప్పు ఫిల్టర్‌నీ, కాటలిస్ట్‌నీ పాడుచేస్తాయి. డీజిల్‌లో పది శాతమే కలుపుతాను అన్నా నా సమాధానం మారదు.

## ఏ నూనె, ఎలా శుభ్రం చేయాలి

మన హోటళ్లలో ఎక్కువ వాడేది పామోలిన్. దీని అయోడిన్ విలువ 55–60 దగ్గర ఉంటుంది. వేరుశనగ 85–100, పొద్దుతిరుగుడు 120 పైన. ఈ అంకె ఎంత పెద్దదైతే నూనె అంత త్వరగా ఆరి, జిగురుగా మారి, రింగుల్లో, ఆయిల్‌లో పేరుకుంటుంది. ఆ లెక్కన పామోలిన్ నయమే. అయితే చలికి అదే ముందు గడ్డ కడుతుంది. ఆదిలాబాద్ వైపు శీతాకాలం తెల్లవారుజామున ట్యాంకులో తెల్లటి ముద్దలా కూర్చుంటుంది, ఫిల్టర్ దాటదు. కోస్తాలో ఈ బాధ తక్కువ. వనస్పతి కలిసిన స్వీటు షాపు నూనె ఎక్కడైనా వదిలేయడమే మంచిది.

శుద్ధికి తొందరపడొద్దు. డ్రమ్ములో రెండు వారాలు కదపకుండా ఉంచితే పిండి, మసాలా, నీళ్లు అడుక్కి దిగుతాయి. పైభాగం మాత్రమే తీసుకుని, ముందు గుడ్డలోంచి, చివరికి 5 మైక్రాన్ల ఫిల్టర్‌లోంచి పంపాలి. నీళ్లు మిగిలాయేమో చూడడానికి పెనం కాల్చి ఒక చుక్క వేయండి. చిటపటలాడితే ఇంకా పనికిరాదు. కాగిన నూనెలో ఆమ్లం ఎక్కువ కాబట్టి రాగి, ఇత్తడి, జింక్ పూత ఉన్న పైపులు వద్దు. రాగి తగిలితే నూనె మరీ త్వరగా జిగురవుతుంది. స్టీలు వాడండి.

రెండు ట్యాంకుల పద్ధతి అందరికీ ఒకటే. డీజిల్‌తో స్టార్ట్ చేసి, రేడియేటర్ నీళ్లు బాగా కాగాక నూనెకి మార్చాలి. ఆ వేడి నీళ్లే హీటర్ గుండా వెళ్లి నూనెని కాస్తాయి. ఆపేముందు మళ్లీ డీజిల్‌కి మార్చి, పంపులో, నాజిల్లో నూనె మొత్తం పోయేదాకా కొన్ని నిమిషాలు నడపాలి. ఈ చివరి పని ఒక్కసారి మర్చిపోతే మర్నాడు పొద్దున్నే తెలుస్తుంది.

## బయోడీజిల్‌గా మార్చుకుంటే?

మెథనాల్, కాస్టిక్‌తో నూనెని బయోడీజిల్‌గా మారిస్తే చిక్కదనం 4–5 సెంటీస్టోక్స్‌కి దిగుతుంది, డీజిల్‌కి దగ్గరవుతుంది. పాత ఇన్‌లైన్, రోటరీ పంపులకి ఇది నేరుగా నూనె పోయడం కన్నా చాలా మేలు. హీటర్, రెండో ట్యాంకు అక్కర్లేదు. రబ్బరు పైపులు మాత్రం మార్చుకోవాలి, మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. అయితే మెథనాల్ విషం, కంటికి కనిపించని మంటతో మండుతుంది. ఇంటి పెరట్లో, పిల్లలు తిరిగే చోట ఈ పని పెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. సొంతంగా చేసినది కామన్ రైల్‌కి పనికిరాదు. దానికి ఐఎస్ 15607 ప్రమాణానికి తగ్గ బయోడీజిల్, అదీ కంపెనీ ఒప్పుకున్న శాతంలో మాత్రమే.

## ఎవరికి ఏది

కాలవ చివరి భూముల్లో నీళ్లు తోడుకునే పాత ఆయిల్ ఇంజిన్ ఉండి, ఊళ్లో హోటలు నూనె నమ్మకంగా దొరికితే నూనె పెట్టుకోండి. రోజుకి అయిదారు గంటలు ఒకే లోడు మీద నడిచే పని దీనికి సరిగ్గా సరిపోతుంది.

రొయ్యల చెరువుకి జనరేటర్ ఉన్నవాళ్లు ఆశపడొద్దు. కరెంటు పోయినప్పుడు ఏరేటర్లు వెంటనే తిరగాలి. ఆ అర్ధరాత్రి నాజిల్ మొరాయిస్తే పోయేది ఇంజెక్టర్ కాదు, చెరువులోని పంట. అవసరానికి ఆదుకోవాల్సిన జనరేటర్‌లో, అది ఫంక్షన్ హాలుదైనా ఆస్పత్రిదైనా, మంచి డీజిలే ఉండాలి. పైగా అవి ఎక్కువగా తక్కువ లోడు మీద నడుస్తాయి.

ఇన్‌లైన్ పంపు ట్రాక్టరున్న రైతు దున్నకం, దమ్ము లాంటి బరువు పనుల రోజుల్లో వాడుకోవచ్చు. ట్రాలీ వేసుకుని ఊళ్లోకి వెళ్లొచ్చే రోజు డీజిలే నయం.

కారు, ఆటో, వ్యాను నడిపేవాళ్లకి మాట వేరు. రోడ్డు మీద తిరిగే బండికి వాడేసిన నూనె ఆమోదం పొందిన ఇంధనం కాదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇది మీ మెడకే చుట్టుకోవచ్చు. పాత బండి అయినా సరే, ఈ టెన్షన్ తెచ్చుకోవద్దు.

హోటలు నడిపేవాళ్లకి ఒక మాట. ఫుడ్ సేఫ్టీ నిబంధనల ప్రకారం నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు (నూనె పదేపదే కాగితే పుట్టే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే ఇక వంటకి వాడకూడదు, ఇది 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. రోజుకి 50 లీటర్ల కన్నా ఎక్కువ నూనె వాడేవాళ్లు లెక్క రాసి, వాడేసినది అనుమతి ఉన్న సేకరణదారులకే ఇవ్వాలి. మీ నూనె పెద్ద మొత్తమైతే వాళ్లకి అమ్మేయడమే తేలిక. అక్కడ అది ప్రమాణాలకి తగ్గ బయోడీజిల్ అవుతుంది, మళ్లీ బజ్జీల మూకుడులోకి చేరదు.

నూనె మొదలుపెట్టే ఆయిల్ ఇంజిన్ రైతులు ముందుగా నాజిల్‌ని టెస్టర్ మీద చూపించి, ఎలిమెంట్ అరిగి ఉంటే మార్పించి, కొత్త ఇంజిన్ ఆయిల్ పోయించండి. ఒక స్పేర్ నాజిల్ షెడ్డులో ఉంచుకోండి. మొదటి నెల వారానికోసారి డిప్‌స్టిక్ తీసి ఆయిల్‌ని వేళ్ల మధ్య రాసి చూడండి. మట్టం పెరిగినా, వేళ్లకి జిగురు తగిలినా నూనె ఆపి, ఆయిల్ మార్చి, కారణం తెలిసేదాకా డీజిల్ మీదే నడపండి.